సగంలో ఆగిన టోపీ

తితికాకా సరస్సు నడుమ తకీలే దీవి. అక్కడ నూలు వడికేది ఆడవాళ్లు, సూదులు పట్టి టోపీలు అల్లేది మగవాళ్లు. సాయంత్రం గొర్రెల్ని తోలుకొచ్చిన ఫౌస్తినా, ముంగిట్లో అల్లుతూ కూర్చున్న మామగారిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"మామయ్యా, అది ఆయన అల్లుతున్న టోపీ కదూ?"

"పిల్లాడి టోపీ."

"పిల్లాడిదే. మీరెందుకు తీశారు?"

"ఊరికే. సూదులు తుప్పు పడుతున్నాయని."

"తుడిచి పెడితే చాలదూ? రెండు వేళ్ల మేర కొత్తగా అల్లేశారు."

"చేతిలో పని లేకపోతే తోచదమ్మా. గొర్రెలన్నీ వచ్చాయా?"

"వచ్చాయి. మొన్న మా అన్న దాన్ని ముట్టుకుంటేనే కసిరారు మీరు. బిడ్డ మొదటి టోపీ తండ్రే పూర్తి చెయ్యాలి, సిప్రియానో పడవలో పూనో పట్నం నుంచి రాగానే చేస్తాడు, అక్కడ పెట్టు అన్నారు."

"అన్నాను."

"మరి?"

"చలి ముదిరింది. వాడి చెవులు చూశావా, ఎలా కందిపోయాయో? రేపటికి తల మీద ఉండాలి."

"రేపేముంది?"

"ఏముంటుంది? చలి."

"పిల్లాడేడీ?"

"లోపల నిద్రపోతున్నాడు. మీ అమ్మ దగ్గర."

"మా అమ్మా? మా అమ్మ ఎందుకొచ్చింది?"

"చూసిపోదామని."

"ఆ మోకాళ్లతో మెట్లన్నీ ఎక్కి, ఊరికే చూసిపోదామని వచ్చిందా?"

"ఎర్ర నూలు అయిపోవచ్చింది. ఇంకో ఉండ ఉందా నీ దగ్గర?"

"మామయ్యా, పడవ సంగతేమైనా తెలిసిందా?"

"కూర్చోమ్మా. ముందు వేడిగా ఏదైనా తాగు."

"నాకేం వద్దు. గాలికి ఏ ఒడ్డునో ఆగి ఉంటాడని మీరే అన్నారు. అవతల మీ చుట్టాలున్నారు, దుంపల మూటలు తడవకుండా దించుకుని, గాలి తగ్గాక బయల్దేరతాడన్నారు. గాలి నిన్ననే తగ్గింది."

"తగ్గింది."

"దారిలో హువాటా వాళ్ల కోడలు ఎదురైంది. పలకరిస్తే తల దించుకుని పోయింది. రోజూ నిలబెట్టి నోరు నొప్పి పుట్టేలా మాట్లాడే మనిషి."

"తొందరలో ఉందేమో."

"మీ పంట్లాం మోకాళ్ల దాకా తడిసింది."

"రేవులోకి దిగాను."

"మీరా? మీరు రేవుకు వెళ్లడం మానేసి ఎన్నాళ్లయింది?"

"దిగాల్సి వచ్చింది."

"ఎందుకు?"

"ఒక పోగు తప్పింది. ఉండు, చూసుకోనీ."

"ఇటు చూడండి. పొద్దున నన్ను కొండకు అటువైపు ఎందుకు పంపారు? గడ్డి అక్కడ బాగుందన్నారు. అక్కడ గడ్డీ లేదు, ఏమీ లేదు. గొర్రెలు రోజంతా రాళ్లు నాకాయి. అటునుంచి సరస్సు కనపడదనేగా పంపారు?"

"పొద్దున్నే చేపలవాళ్లు వచ్చారమ్మా. రెల్లులో ఏదో చూశామన్నారు. ఏమిటో ఖాయంగా తెలియకుండా నీకెలా..."

"వద్దు."

"ఫౌస్తినా..."

"వద్దు, చెప్పొద్దు. ఆ సూదులు కింద పెట్టండి. ఆయన అల్లిక బిగువు వేరు. నీళ్లు పోసినా చుక్క కారదు. మీది వదులు. మీరు అల్లిందంతా విప్పెయ్యండి, ఆయన ఎక్కడ ఆపారో అక్కడి దాకా విప్పెయ్యండి. ఆయన వచ్చి చూస్తే ఏమంటారు?"

"ఏమీ అనడు తల్లీ. ఈ చేతులతోనే ఒడ్డుకు మోసుకొచ్చాను వాణ్ణి."