బెల్టు గాలి

ఏమన్నడు మెకానిక్? బెల్టు మార్చాలన్నడా. ఐదేండ్లన్న నిండాలె, లేకుంటె అన్ని వేల కిలోమీటర్లన్న తిరగాలె, ఏది ముందుగాల వస్తె అప్పుడు మార్చాలె అన్నడా. నువ్వేమో బండి మంచిగనే నడుస్తాంది గద అవ్వా, తెగని బెల్టును ఎందుకు తీయాలె అంటున్నవు. గా మాట మల్ల ఒకపారి వింటననుకోలే బిడ్డా. జర ఆ పీట దగ్గరికి జరుపుకొని కూసో, చాయ్ చల్లారనియ్యకు.

మీ ముత్తాత గురవయ్య, మా బాపు, నీకు తెల్వడు. మీ నాయినకే తెల్వడు, అప్పుడాయన మూడు నెలల పసిగుడ్డు. నేను తొలిచూరు కాన్పుకు పుట్టింటికి పోయి ఉంటి. దేవరకొండ దిక్కు ఊరు మాది. సాగర్ కట్ట కడుతున్న రోజులు. మా ఊర్ల ఎల్లస్వామి పటేలు వడ్ల గిర్ని పెట్టిండు, దాని ఇంజను నడిపేటోడు మా బాపు. పట్నంల నేర్చుకొని వచ్చిండు ఆ పని. ఇంజను చక్రం నుంచి మిషను చక్రం దాక బెత్తెడు వెడల్పు తోలు బెల్టు, అది ఉరుకుతుంటె గాలి కొట్టేది. ఊర్ల కరెంటు లేదు, పంకా ముఖం చూసినోళ్లు లేరు. ఆడోళ్లు వడ్ల గంపలు దించి, బెల్టుకు ఎదురుంగ ఉన్న గోడకు ఆనుకొని, ఆ గాలికి కొంగు ఆరేసుకొని కూసునేది. పిల్లలకు పాలిచ్చేది కూడ ఆన్నే. బెల్టు గాలి అంటె మా ఊర్ల చల్లదనానికి ఇంకో పేరు.

బెల్టు మార్చుడు దసరాకు దసరాకే. ఇంజనుకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, కొత్త బెల్టు ఎక్కించేది. గిర్ని పెట్టిన కాడికెల్లి అదే ఆనవాయితీ. ఆ యేడు కట్ట కూలీలకు బియ్యం పంపే పని పటేలుకు దొరికింది. ఒక్క పూట తిరిగే గిర్ని పొద్దందాక తిరుగుడు వట్టింది. శ్రావణం దాటినంక మా బాపుకు అన్నం సయించలే. బెల్టు అతుకు చక్రం మీదికెల్లి పోయినప్పుడల్ల టప్పుమంటది గద, ఆ చప్పుడు మారిందట. మనకు ఒక్కతీరే వినవడేది. ఆయన మాత్రం తింటున్న ముద్ద ఆపి గిర్ని దిక్కు చెవి వెట్టేది.

పోయి పటేలుకు చెప్పిండు. పటేలు మాట నెమ్మదస్తుడు, కోపం చేసేటోడు కాదు. "కొత్త బెల్టు తెచ్చి కొయ్యకు తగిలించిన, కండ్ల ముందరనే ఉన్నది గద గురవా. నడుమల తీస్తె అరిష్టం. నెల రోజులకు ఏమైతది?" అన్నడు. మా బాపు అన్నడట, "బెల్టుకు దసరా తెల్వది పటేలా. ఎంత తిరిగిందో అదొక్కటే దానికి తెలుసు." అని ఇంజను ఆపి కూసున్నడు. తెల్లారి పటేలు ఇంకొకన్ని పెట్టుకున్నడు.

ఊరంత నవ్వింది. గురవయ్యకు తోలుముక్కను చూస్తె చెమట్లు పడతయన్నరు. నాకు సిగ్గయ్యింది బిడ్డా. ఆ సిగ్గుతోటే మీ నాయినను ఒళ్లె పెట్టుకొని, పోయి సరిగ్గ ఆ గోడకే ఆనుకొని కూసున్న. మా బాపు భయం నాకు లేదని నలుగురికి చూపెట్టాలని. బాపు వచ్చి, తెగితె ఈ గోడకే కొడతది, ఇంటికి రా అని బతిలాడిండు. నేను లేవలే. ఆయన పోయిండు.

మరునాడు నేను పోయేసరికి ఆ జాగల మా బాపు ఉన్నడు. కాళ్లు బారచాపి, చెరో దిక్కు గొంగడి పరిచి, ముగ్గురు కూసునే జాగ ఒక్కడే ఆక్రమించిండు. పక్కన నీళ్ల కుండ. గట్ల రోజు పొద్దున వచ్చుడు, ఇంజను ఆగినంక లేచుడు. నర్సింగమ్మ అని ఒకామె ఉండె, నోటికి జడిసేది ఊరు. "ఏం గురవన్నా, బెల్టు గాలిని కౌలుకు రాయించుకున్నవా?" అనేది. ఆడోళ్లు పడిపడి నవ్వేది. ఆయన గూడ నవ్వేది. భయం లేకనా? నేను పక్క గోడ నీడకు కూసొని చూసేదాన్ని, అతుకు టప్పుమన్నప్పుడల్ల ఆయన నవ్వు నడుమలనే ఆగేది.

పెత్తరమాస పోయిన మూడోనాడు, ఊర్ల బతుకమ్మ పూలు తెంపుతున్నరు, దసరా ఇంకో వారం ఉండె. సద్ది తీస్కపోయి ఆయన ముందర కూసున్న. మీ నాయినను ముద్దాడుకుంట ఆడుకుంట ఉన్నోడు, ఉన్నట్టుండి చెవి వెట్టిండు. పిల్లగాన్ని నా చేతిల పెట్టి, "బిడ్డా, బాయికాడికి పోయి ముంతెడు నీళ్లు తే," అన్నడు. కుండల నీళ్లున్నయి బాపు అన్న. "అవి తియ్యగ లేవు. పిల్లగాన్ని గూడ ఎత్తుకపో," అన్నడు. గొణుక్కుంటనే లేచిన. ఆయన గూడ లేచి రావచ్చు గద అంటవు. లేస్తె ఆ జాగల నర్సింగమ్మ కూసుంటది, గంప వట్టుకొని కాసుకొనే ఉన్నది. ఇంజను ఆపుమని ఆ కొత్తోనికి చెయ్యి ఊపుతుండె, వాడేమో వంగి, జారకుండ బెల్టుకు గుగ్గిలం రుద్దుతుండె.

నేను నీళ్లు ముంచుకొని వస్తాంటె ఇంజను చప్పుడు మారింది. బరువు తెగిపోయిన ఇంజను, గొంతు చించుకున్నట్టు. ఆడోళ్లెవ్వరు ఏడుస్తలేరు, అందరు నిలబడే ఉన్నరు. గోడ మీద సున్నం ఊడిపోయి, బెత్తెడు వెడల్పు గీత. దాని కింద గొంగడి మీద బాపు ఒరిగిండు, మల్ల లేవలే. కొత్త బెల్టు కొయ్యకు అట్లనే ఉన్నది, కుంకుమబొట్టుతోటి. నా చేతిల ముంత నిండుగనే ఉన్నది, చుక్క ఒలకలే...

చాయ్ల చక్కెర ఎక్కువైందా? తాగుతలేవు. ఫోను తియ్యి. రేపు చూద్దామన్నవు గద ఆ మెకానిక్‌తోటి, ఇయ్యాలనే మార్చుమను.