మాటలొద్దన్న ట్యూను

అబ్బ, ఆ కుట్టుమిషను కాసేపు ఆపక్కా! నేను నోరు తెరవగానే తొక్కడం మొదలెడతావేంటి? ఆ ప్యాంటు అంచు ఎక్కడికీ పారిపోదులే.

కూర్చోమనవా? సరే, నిలబడే చెప్తాను.

బ్యాండులో ఎవ్వరూ నాతో మాట్లాడట్లేదు, తెలుసా? పియానో తాతగారైతే నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంటున్నారు. నేనేమన్నా ఎవరి కొంపైనా ముంచానా? పాత జాజ్ ట్యూన్లకి మాటలు కట్టి పాడటం నా పనే కదా! పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. మీ ఆయనే మెచ్చుకునేవారు. "పాటలమ్మాయ్, నీ వల్ల నా ట్రంపెట్‌కి నోరొచ్చింది" అనేవారు మాస్టారు.

ఒక్కదానికి మాత్రం వద్దన్నారు. అవును, ఆ నెమ్మది ట్యూనుకే. మీ పెళ్లైన కొత్తలో కట్టారట కదా. "దీన్ని వదిలెయ్. మాటలు చేతకాకే కదా ఇది వాయించింది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ అన్నారు.

నేను విన్నానా? చాటుగా మూడేళ్లు దాంతో కుస్తీ పట్టాను. వెన్నెల పెట్టాను, వాన పెట్టాను. ఏది పెట్టినా తడిగోడకి అంటించిన కాగితంలా ఊడొచ్చేది. నీకు తెలీదులే ఆ బాధ. చెవిలో ట్యూను హోరెత్తిపోతుంటుంది, నోట్లో ఒక్క మాట ఉండదు.

ఆ తర్వాత ఆసుపత్రి.

మూడో రోజు మధ్యాహ్నం ఫ్లాస్కులో కాఫీ పట్టుకొచ్చాను. నువ్వు తలుపు ఓరగా వేసుకుని మంచం పక్కన కూర్చున్నావు. ఆయనకి స్పృహ లేదు. అయినా నువ్వేదో చెప్తూనే ఉన్నావు. నేను లోపలికి రావాలి కదా? రాలేదు. పోనీ, వెనక్కన్నా పోవాలి కదా? పోలేదు.

"నీ చొక్కా ఉతికి ఆరేశాను. ఎప్పుడో ఎండిపోయింది. తియ్యడానికి చెయ్యి రావట్లేదు. నువ్వే వచ్చి తీసుకో."

అలా చూడకక్కా.

అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. ఎందుకో తెలుసా? అక్కడే, ఆ తలుపు బయట నిలబడే, వేళ్ల మీద తాళం లెక్కేసుకున్నాను. సరిగ్గా కూర్చుంది. ఆ ట్యూనులో ఆయన ఊపిరి తీసుకునే చోటల్లా నువ్వూ ఆగావు.

కాఫీ ఇవ్వనే లేదు. ఫ్లాస్కు నర్సు బల్ల మీద పడేసి, బస్సెక్కి, టికెట్టు వెనక సన్నగా రాసుకున్నాను. నువ్వన్నవన్నీ. ఆయన ఇంకా బతికే ఉన్నారక్కా అప్పటికి!

ఆయన పోయిన రెణ్ణెల్లకి, ఆయన పేరు మీద పెట్టిన కచేరీలో అదే పాడాను. నువ్వు ముందు వరసలో ఉన్నావు. పల్లవి అందుకోగానే నీ మొహం పాలిపోయింది. రెండోసారి అనేసరికి లేచి వెళ్లిపోయావు. నేను ఆపొచ్చు కదా? ఆపలేదు. సిగ్గులేకుండా ఇంకా బాగా పాడాను. జనం ఏడ్చారు, లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

అక్కడితో ఆగినా బావుండేది. రేడియో ఆవిడ అడిగింది, "ఎవరిదండీ ఆ చొక్కా?" అని. చొక్కా మాస్టారిది, మాటలు నీవి అని చెప్పడానికి ఎంతసేపు? నేను చిన్నగా నవ్వి, "కొన్ని పేర్లు బయటికి చెప్పకూడదండీ" అన్నాను. రేడియోలో నవ్వు కూడా వినపడుతుందక్కా.

అంతే, ఊరంతా అల్లేసుకుంది. మాస్టారికీ నాకూ ఏదో ఉందనీ, ఆ ట్యూను నా కోసమే కట్టారనీ. జాకెట్టు కొలతలివ్వడానికొచ్చినావిడ నిన్ను మొహం మీదే అడిగేసిందటగా? డ్రమ్ములాయన చెప్పాడు. చెప్పి, ఉమ్మేసినంత పని చేశాడు.

అందుకే పొద్దున్నే రేడియోకి వెళ్లొచ్చాను. చెప్పేశాను. ఆ మాటలు నావి కావు, ఆయన భార్యవి, తలుపు చాటు నుంచి ఎత్తుకొచ్చాను అని. సాయంత్రం వేస్తారట. ఇక ఆ పాట జన్మలో పాడను. క్షమించమని అడగను కూడా. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?

ఏంటి?

ఛ! ఏం ప్రశ్నక్కా అది? నువ్వు కూడానా?

లేదు. ఒట్టు. ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆయన నా వంక అలా చూడలేదు. కచేరీ అవ్వగానే ట్రంపెట్ పెట్టెలో సర్దుకుని, "మా ఆవిడ ఎదురు చూస్తుంటుంది" అంటూ అందరికన్నా ముందు బయటపడేవారు.

మరెందుకు నవ్వావంటావా?

చూడలేదు కాబట్టే నవ్వానక్కా. ఆయన చూశారని కనీసం ఊళ్లోవాళ్లైనా అనుకుంటారని.

ఇది మాత్రం రేడియోలో చెప్పలేదు.