సారక్క చెప్పని డబ్బ

ఏందే సాయిప్రియా, గా ఫోటో పట్టుకొని గంతసేపు చూస్తున్నవ్? చేతుల చీర కింద పెట్టకు, రాళ్లంటిచ్చుకుంటనే విను. గామె మీ అమ్మమ్మనే, సారక్క. గంత తెల్లగ ఉండెనా అంటవా? ఉండె. కానీ పుట్టుకతోని కాదు. గీ ముచ్చట మీ అమ్మ కరుణ చెప్పదు, తన కన్నతల్లి ముచ్చట గద. నేను చెప్త.

మన ఊరిడిసి గుజరాతోళ్ల గీ పర్వత్ పాటియాకు మేమిద్దరం ఒక్కసారే వచ్చినం. మొగోళ్లు మిల్లులకు పోతే మేం గిట్లనే ఇంటి ముంగట కూసోని చీరలకు రాళ్లంటిస్తుంటిమి. అప్పుడు గల్లీల తెల్లగున్నది నేనే. నవ్వకు. చీరలిచ్చే సేఠ్ వచ్చిండంటే 'గోరిబెన్, గోరిబెన్' అని, తెల్లక్క అన్నట్టు, నన్నే పిలుస్తుండె. వెంకటవ్వ అన్న నా పేరే వానికి తెల్వది. సారక్క పక్కకు కూసోని తల వంచుకొని వింటుండె. నలుపే గాని ఏం కండ్లే బిడ్డా ఆమెయి. గా కండ్లు నాకు లేకపాయెనని గప్పుడు గూడ నాకు కుళ్లే, అది వేరే సంగతి. ఆఁ, ఏం చెప్తున్న? ఒక ఎండకాలం అందరి మొకాలు మాడిపోతుంటే ఈమె మొకం తేటవడుడు షురువైంది. దసరా వరకు నన్ను దాటిపోయింది. సేఠ్ వచ్చి మూట దించి 'గోరిబెన్' అన్నడు. నేను లేచిన. వాడు చూస్తున్నది సారక్క దిక్కు. లేచినదాన్ని మళ్ల కూసున్న. ఇంటికి పోతే మా ఆయన మొండయ్య గూడ తింటతింట, సారక్క మస్తు తేటయింది, నువ్వేమో గట్లనే ఉంటివి అన్నడు. కంచం గుంజుకున్న.

మొకానికి ఏం రాస్తున్నవే అని మంచిగ అడిగిన, చాయ్ తాపి అడిగిన, బతిమాలిన. బియ్యం కడిగిన నీళ్లే అక్కా అంటది. నేను గూడ పొద్దుమాపు గా నీళ్లతోనే కడిగిన, మొకం వీసమన్న మారలే. నాకు చెప్తే నేను మళ్ల ఆమెను దాటిపోత, గోరిబెన్ అన్న పేరు నాకే వస్తది, గదీ ఆమె బుగులు. మీ తాత ఆగయ్య పాండేసరల రంగుల మిల్లుల చేస్తుండె. మగ్గం మీదికెళ్లి దిగిన బట్టను గ్రే అంటరు, మసిమసిగ ఉంటది, మిల్లుల మందేసి ఉడికిస్తే మల్లెపువ్వు లెక్క బయటికొస్తది. ఈమె గదే మనసుల పెట్టుకున్నది. చెంపలు మండి పొరలు లేస్తుంటే ఆగయ్య ఇదేందని అడిగిండట. మీ బట్ట గూడ మందుల కాగితెనే తెల్లగైతది గద, మండుతున్నదంటే పని చేస్తున్నట్టే అన్నదట. మిల్లు మనిషి, గాయనకు గూడ నిజమే అనిపిచ్చింది. బట్టకు పాణం ఉండదు గద బిడ్డా.

ఇగ కాళ్లు ఉబ్బినయ్, పొద్దున లేస్తే మొకం ఉబ్బుతుండె, ఒంటికి పోతే నురుగు. దవాఖానకు పోదామంటే ఆగయ్య మిల్లుల పాళీ డ్యూటీ మీద ఉండె, సారక్కకేమో గుజరాతీ రాదు. నేను తోలుకపోయిన. డాక్టరమ్మ అన్నీ చూసి, మొకానికి ఏమన్న క్రీము రాస్తదా అడుగు అన్నది. అడిగిన. సారక్క డాక్టరమ్మ దిక్కు చూడలే, నా దిక్కు చూసింది.

'ఏం లేదక్కా, బియ్యం కడిగిన నీళ్లే' అన్నది.

నేను గదే గుజరాతీల చెప్పిన. డాక్టరమ్మ గదే రాసుకున్నది.

సారక్క సచ్చిపోయినంక మీ అమ్మకు బియ్యం డ్రమ్ము అడుగున డబ్బ దొరికింది. కంపెనీ పేరు లేదు, ఏమేం కలిపిండ్రో లేదు, ఉత్త పువ్వు బొమ్మ. డాక్టరమ్మ దాన్ని పరీక్షకు పంపితే పాదరసం ఉన్నదట, జ్వరం చూసే గాజు పుల్లల ఉంటది చూడు, గది. తోలుల నుంచి నెత్తురుల దిగి కిడ్నీలను తిన్నదట. ముందుగాల తెలిస్తే బంద్ పెట్టిస్తుంటి, బతుకుతుండె కావచ్చు అన్నది డాక్టరమ్మ. ఎత్తుకపోయే నాడు గూడ అందరి కంటే ఆమెనే తెల్లగ ఉండె. సేఠ్ వచ్చి, గోరిబెన్ పోయింది అని కండ్లు తుడుసుకున్నడు. నేను ఆడనే ఉంటి, నా దిక్కు చూడనన్న చూడలే. నాకు ఇప్పటికీ మండుతది. నాకు చెప్తే ఏం పోతుండెనే ఆమెకు?

ఏదీ, ఇటు తిరుగు. వెలుగుకు తిరుగు. గా చెంప మీద పొర ఎందుకు లేస్తున్నది? ఉత్త గ్లిసరినే అవ్వా అంటవా? చూడు, మీ అమ్మమ్మ గదే చూపు. వద్దు, నాకు చెప్పకు. రేపు దవాఖానకు పోదాం. నీకు గుజరాతీ వస్తది, లోపల నాతోని పని లేదు. నేను బయట బల్ల మీద కూసుంట, తలుపు దగ్గరికేసుకో. డాక్టర్ అడిగితే ఆమెకే చెప్పు.

గా రాళ్లంటిచ్చే గమ్ డబ్బకు మూత పెట్టు. ఎండిపోతది.