గుడ్డ కింద మాట్లాడిన గానుగాయన

రండి రండి, ఇంకా దగ్గరికి జరగండి. ఆ గోడకు ఆనుకున్నోళ్లు కూడా ఇట్ల రండప్పా, నా గొంతు ముసలిదైపోయింది, అంత దూరం నడవలేదు. ఏమ్మా, బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకో, వాడు నిద్రపోయినా కథ వాని చెవిలోకి పోతాది. ఆ వీరభద్రస్వామికి మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? సరే. శరభయ్య అని ఒక గానుగాయన ఉండెనంట. పిల్లోళ్లు గానుగ చూసుండరు, చెప్తా వినండి. రోలు మాదిరి ఒక పెద్ద మాను, దాంట్లో రోకలి మాదిరి ఇంకో మాను, దానికి కాడి, కాడికి ఒకే ఒక ఎద్దు. ఎద్దు కళ్లకు గంతలు కట్టి తిప్పితే, అది తిరగంగ తిరగంగ నువ్వులన్నీ నూనె అవుతాయి. ఒకే ఒక ఎద్దు అన్నా గదా, ఆ మాట కొంగున ముడేసుకోండి, దాంతో పనుండాది.

ఏమైందంటే, ఆ ఎద్దు చచ్చిపోయింది. మచ్చలోడు దాని పేరు. ఒకనాడు పొద్దున గంతలు కడదామని పోతే లెయ్యలేదంట. శరభయ్య దాని తల ఒళ్లో పెట్టుకోని, లెయ్ నాయనా, లెయ్ రా మచ్చా, ఈ పూటకు వద్దులే, ఊరికే లేసి నిలబడు చాలు అని బతిమాలినాడంట. యాడ లేస్తాది? ఎద్దు పాయె, గానుగ ఆగె. గానుగ ఆగినంక గానుగాయనకు పనేముండాది చెప్పండి? కూలికి పోదామంటే ఆ యేడు వాన లేదు, రైతులే చేతులు కట్టుకోని కూచోనుండారు. నూనె తీసినంక తెలగపిండి మిగుల్తాది చూడు, పసులకు పెట్టేది, దాన్నే ఉడకేసుకోని మొగుడూ పెండ్లామూ తిన్నారంట. ఇంత అయినా ఒకటి మాత్రం విడువలేదు. ఊర్లో వీరభద్రుని గుడి దీపానికి నూనె ఆ ఇంటిదే, తాతల కాడి నుంచి. ఎద్దు లేదు గదా, మరి నూనెట్ల? శరభయ్య కాడి తన భుజాన వేసుకున్నాడు, పెండ్లాం సిద్దమ్మ వెనక నుంచి తోసింది. పిడికెడు నువ్వులు ఆడేసరికి ఇద్దరికీ ఊపిరి గొంతులోకి వచ్చేదంట. సిద్దమ్మ నోరు ఊరుకునేది కాదు. "ఏమయ్యో, మచ్చలోనికైతే చిట్టూ తవుడూ పెట్టి వీపు నిమిరేటోనివి, నాకు అదీ లేకపాయెనే" అనేదంట. ఆయప్ప అంత ఆయాసంలో కూడా నవ్వి, ఆమె వీపు నిమిరేవాడంట. అట్లాంటి సంసారం.

అట్ల ఉండగా ఒకనాడు రాజుగారి బంట్రోతు వచ్చినాడు. శరభయ్య యాడుండాడు అని అడిగినాడంట. శరభయ్య లోపల నుంచి ఆ మాట విన్నాడు. గానుగ పన్ను ఆ యేటిది ముందే కట్టేసినాడు, ఇంకా ఏం పట్టను వచ్చినాడో అని పోయి గడ్డివామి వెనక దాక్కున్నాడు. సిద్దమ్మ వాకిట్లో నిలబడి, "ఆయన ఊర్లో లేడు, ఉన్నా మా ఇంట్లో పట్టుకపోయేదానికి నేను తప్ప ఏమీ లేదు, కావాలంటే నన్ను పట్టుకపో, రాజుగారి ఇంట్లో అన్నమన్నా దొరుకుతాది" అనిందంట. బంట్రోతు తల కొట్టుకోని, "అమ్మా తల్లీ, పట్టుకపోను రాలేదు, ఇచ్చిపోను వచ్చినా" అన్నాడు. ఏందంటే, కొత్తగా పట్టానికి వచ్చిన రాజు ఆన పెట్టినాడంట, తిరగని గానుగకూ ఆడని మగ్గానికీ పన్ను పట్టగూడదు, పట్టింటే తిరిగి ఇచ్చేయాల అని. సంచి ఒకటి ఆమె చేతిలో పెట్టి పోయినాడు. నవ్వుతాండారా? నవ్వండి నవ్వండి. పన్ను తీసుకునే చెయ్యి మనమంతా చూసినాం, తిరిగిచ్చే చెయ్యి యాడన్నా చూసినామా? అందుకే దీన్ని కథ అంటాండా.

ఇంక చూడండి, చేతిలో నాలుగు వరహాలు పడేసరికి ఊరంతా చుట్టాలే. నువ్వేం చేస్తావు శరభయ్యా, నువ్వేం చేస్తావు అని అడగనోళ్లదే పాపం. సిద్దమ్మ ఏమనిందంటే, "ముందు జొన్నలు కొని గాదె నింపు. కడుపు నిండితే బుద్ధి దానంతట అదే పని చేస్తాది" అనింది. ఆమె తమ్ముడు చెన్నప్ప ఉండాడు, మాటకారి, వాడు వచ్చి, "బావా, ఎద్దెందుకు, గానుగెందుకు? ఆ సంచి నా చేతిలో పెట్టు, బెల్లం యాపారం చేస్తాం, నువ్వు కాలు మీద కాలేసుకోని కూచో" అన్నాడు. సిద్దమ్మ తమ్మున్ని చూసి, "నీ బెల్లం యాపారంలో పోయినసారి చీమలు బాగుపడినాయి రా" అనింది. శరభయ్య గుడికి పోయి పూజారిని అడిగినాడంట, సామీ, ఇది దేవుడిచ్చిన సొమ్ము మాదిరి వచ్చింది, హుండీలో వేద్దునా అని. పూజారి మంచోడు. "దేవునికి నూనె కావాలప్పా, వరహాలు ఏం చేసుకుంటాడు, ఎద్దు కొనుక్కోపో" అన్నాడు. అదే ఆయన మనసులోదీ. అయితే సంచిలోది సగం ఎద్దుకే వస్తాది. సగం ఎద్దును ఎవరమ్ముతారు? ముందు సగమా, వెనక సగమా? అయినా పరస, అదే ఎద్దుల సంత, జరుగుతాండాది, పోయి చూస్తాం అని బయలుదేరినాడు. చెన్నప్ప కూడా తోడు వచ్చినాడు. సిద్దమ్మ వాకిట్లో నిలబడి ఒకే మాట చెప్పింది, "ఎద్దు లేకుండా మాత్రం ఇంటికి రావాకు. ఇంక ఆ కాడి నీ భుజాన నేను చూడలేను."

పరసలో ఎద్దుల బేరం ఎట్ల చేస్తారో తెలుసా? నోటితో చెయ్యరు. కొనేటోడూ అమ్మేటోడూ ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు, దళారి వచ్చి ఆ చేతుల మీద తుండుగుడ్డ కప్పుతాడు. లోపల వేళ్లతోనే బేరం. వేలు పట్టుకుంటే ఇంత, చెయ్యంతా పట్టుకుంటే అంత. చుట్టూ నూరు మంది నిలబడినా ఒక్కనికీ తెలీదు. గుడ్డ కప్పినంక నోరు తెరవగూడదు. తెరిచినాడంటే ఆ బేరం పోయినట్టే, పైగా దళారికి తప్పు, అంటే జరిమానా, కట్టాల. అదీ పరస కట్టుబాటు. శరభయ్య పరసంతా తిరిగినాడు. ఏ ఎద్దును చూసినా చెయ్యంత ధర. పొద్దు వాలిపోతాంది. అప్పుడు ఒక మూల ఒక రైతు ఒంటెద్దును పట్టుకోని నిలబడి ఉండాడంట. ఓబులేసు అని ఆయన పేరు. ఎద్దు మంచి జాతిదే, అయితే డొక్కలు బయటపడి ఉండాయి. చెన్నప్ప చెవిలో గొణిగినాడు, "బావా, వీడు పొద్దుటి నుంచి నిలబడి ఉండాడు, ఎవరూ రాలేదు. తక్కువకు పట్టు."

గుడ్డ కప్పినారు. శరభయ్య రెండు వేళ్లు చూపినాడు. మంచి ఎద్దుకు రెండు వేళ్లంటే తిట్టినట్టే లెక్క. అమ్మేటోడు చెయ్యి విదిలించుకుంటాడు, అప్పుడు కొనేటోడు పెంచుతాడు, అట్ల గదా సాగేది. ఓబులేసు విదిలించలేదు. ఆ రెండు వేళ్లు పట్టుకున్నాడు. శరభయ్యకు ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, ఎంత మంచోనికైనా పుడతాది, ఆయప్ప కూడా మన మాదిరి మనిషే. ఒక వేలు మడిచేసినాడు. ఒక్క వేలు! మేకపోతు ధర! ఇప్పుడన్నా కోపం వచ్చి గుడ్డ లాగేస్తాడని అనుకున్నాడు. ఓబులేసు లాగెయ్యలేదు. ఆ ఒక్క వేలు పట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వణుకుతాందంట. పైన మొగం రాయి మాదిరి ఉండాది, కింద చెయ్యి మాత్రం, బాయిలో పడినోడు తాడును పట్టుకుంటాడు చూడు, అట్ల ఆ వేలును పట్టుకోనుండాది. కాయలు కాచిన చెయ్యి. శరభయ్యకు ఆ వణుకు తన మోచేతి దాకా ఎక్కినట్టయింది. సిద్దమ్మ కాడి తోస్తా ఆయాసపడేది మతికొచ్చింది. బేరం కుదిరిపోయింది అనుకో, గుడ్డ తీసేస్తే చాలు. ఎద్దు తనది, సంచిలో ఇంకా సగం మిగుల్తాది, జొన్నలూ వస్తాయి. చెన్నప్ప కాలు తొక్కుతాండాడు. అప్పుడు శరభయ్య ఏం చేసినాడంటే, నోరు తెరిచినాడు.

"ఏమిటికి అమ్ముతాండావు నాయనా?" అని అడిగినాడు.

అంతే! పరసంతా గొల్లుమనింది. గుడ్డ కింద మాట్లాడినాడు, గుడ్డ కింద మాట్లాడినాడు అని ఒకటే అరుపులు. దళారి తుండు ఎగరేసి, బేరం చెడింది, తప్పు కట్టు అన్నాడు. చెన్నప్ప తల పట్టుకోని కింద కూచున్నాడు. శరభయ్య తప్పు కట్టినాడు. కట్టి, ఓబులేసు చెయ్యి విడవకుండా మళ్లీ అదే మాట అడిగినాడు. అప్పుడు ఆయప్ప రాయి మొగం కరిగింది. ఏం చెప్పమంటావన్నా, నాకు జత ఎద్దులుండె, గొంతువాపొచ్చి ఒకటి పోయింది, ఇది ఆనాటి నుంచి సరిగ్గా మేత ముట్టలేదు. మొన్న వాన పడింది, అందరూ అరకలు కట్టినారు, ఒంటెద్దుతో నేనెట్ల దున్నేది, పిల్లోళ్లు ఆకలంటాండారు, దీన్ని అమ్మి ఆ దుడ్లతో ఈ యేడు గడుపుతాం అనుకుంటి, వచ్చే యేడు సంగతి దేవుడెరుగు అన్నాడంట. శరభయ్య ఎద్దును చూసినాడు, ఆయప్పను చూసినాడు. "నాకు ఒకటి చాలు. నీకు రెండు కావాల. ఇంకోటి నేను కొంటా, రెండూ మనిద్దరివీ. నేల పదునుండగా నువ్వు దున్నుకో. విత్తనం పడినంక తోలుకోనిరా, నా గానుగ తిరుగుతాది. నీ పొలంలో నువ్వులు వేసుకో, నేను ఆడతా, తెలగపిండి రెండెద్దులూ తింటాయి" అన్నాడు. సంచిలో మిగిలింది ఎంతుంటే అంతకు, కొమ్ము విరిగిన ఎద్దు ఒకటి ఎవరూ కొననిది ఉంటే, దాన్ని కొనిచ్చినాడు. చూసేదానికి బాగలేదు గానీ బలమైంది. ఆ రెండిట్నీ పక్కపక్కన నిలబెడితే, ఓబులేసు ఎద్దు ఆ కొమ్ము విరిగినదాన్ని మూతితో వాసన చూసి, చాన్నాళ్లకు గడ్డి నోట పెట్టిందంట. ఓబులేసు దండం పెట్టి, చీకటి పడక ముందే ఏరు దాటాలని రెండెద్దుల్నీ తోలుకోని ఎల్లిపాయె.

ఇంటికి ఉత్త చేతులతో వచ్చిన మొగున్ని సిద్దమ్మ చూసింది. శరభయ్య అంతా చెప్పినాడు, ఒక వేలు మడిచిన సంగతి కూడా దాచలేదు. ఆమె చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతికిచ్చింది. తర్వాత, "సరే, మంచి పనే చేసినావు. ఆయప్పది ఏ ఊరు?" అనింది. శరభయ్య నెత్తి గోక్కున్నాడు. "ఏటి అవతల" అన్నాడు. "ఏటి అవతల ఊర్లు ఎన్నుండాయయ్యా! పోనీ, నీది ఏ ఊరో చెప్పినావా?" "చెప్పినా. వీరభద్రుని గుడి ఉండే ఊరని చెప్పినా." సిద్దమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకోని, "ఓరి నా దేవుడా, ఈ సీమలో వీరభద్రుడు లేని ఊరు యాడుండాది!" అనింది. చూసినారా? పరసంతా వినేటట్టు ఏమిటికి అమ్ముతాండావని అడిగినోడు, యాడుంటావని అడగడం మరిచిపోయినాడు. దేవుడు తన ఊర్లో మాత్రమే ఉండాడనుకున్న మనిషి!

ఇంక చెన్నప్ప ఊరుకుంటాడా? పోయిన ఊరల్లా, బెల్లం అమ్మిన వాకిలల్లా, మా బావ తెలివి వినండి అని చెప్పి నవ్వించినాడు. ఆ నోటా ఈ నోటా పడి ఏరు కూడా దాటింది ఆ కథ. సొంత ఊర్లోనే, ఏం శరభయ్యా, నీ ఎద్దులు ఉత్తరం రాసినాయా అని ఎగతాళి. ఆయన నవ్వేసి తన పని చూసుకునేవాడు. వాన పడినప్పుడల్లా ఆకాశం దిక్కు చూసి, ఓబులేసు పొలంలో కూడా పడుతుంటే బాగుండు అనేవాడంట. మళ్లీ కాడి భుజానికి ఎత్తుకున్నాడు. సిద్దమ్మ మళ్లీ తోసింది. తెలగపిండి కూడా అయిపోయింది, ఆకుకూర తిన్నారు. దీపం మాత్రం ఆరలేదు. ఒకనాడు సిద్దమ్మ తోస్తా తోస్తా కళ్లు తిరిగి కూచుండిపోయింది. శరభయ్య కాడి కింద పడేసి, ఆమె మొగాన నీళ్లు చల్లి, "నిన్ను ఆకలికి చంపుతాండా మే, ఆ ఒక్క వేలికే ఎద్దును పట్టుకోనుంటే సరిపోయేది" అన్నాడంట. ఆమె కళ్లు తెరిచి, "పట్టుకోనుంటే ఎద్దొచ్చేది, నువ్వొచ్చేటోనివి కాదు. లెయ్, నూనె కావాల" అనింది.

ఆ మాట నోట్లో ఉండంగనే బజార్లో గంటలు వినపడినాయి. ఎద్దుల మెడగంటలు. వాకిట్లోకి వచ్చి చూస్తే, డొక్కలు నిండిన ఎద్దొకటి, కొమ్ము విరిగిన ఎద్దొకటి, వాటి మీద నువ్వుల మూట, వెనక దుమ్ము కొట్టుకోని ఓబులేసు. విత్తనం పడినకాడి నుంచి పైరు చూసుకుంటానే వెతుకుతాండాడంట పాపం, నువ్వుల కోత కూడా అయిపోయింది. వీరభద్రుని గుడి ఉండే ఊరల్లా తిరిగినాడు. మరెట్ల దొరికింది అంటే, "అన్నా, పేరు చెప్తే ఎవరికీ తెలీదు. గుడ్డ కింద మాట్లాడిన గానుగాయన ఇల్లేది అంటే, నవ్వేసి చెయ్యెత్తి దారి చూపించినారు" అన్నాడు. చెన్నప్ప అక్కడే ఉండాడంట. సిద్దమ్మ తమ్మున్ని చూసి, "ఈ ఒక్క యాపారం మాత్రం బాగా చేసినావు రా" అనింది. అనేసి, ఎద్దుల కాడికి పోయి, ముందు కొమ్ము విరిగినదాని వీపు నిమిరింది. ఆ నువ్వులతో ఆడిన మొదటి నూనె గుడికి పోయింది.

అదప్పా సంగతి. పన్ను తిరిగిచ్చిన రాజు ఉండాడే, ఆయన పేరు మాత్రం నన్నడగొద్దు, మా అవ్వకూ తెలీదు, వాళ్ల అవ్వకూ తెలీదు. గానుగాయన పేరు మాత్రం నిలిచింది. మీరు కథంతా మరిచిపోండి, పర్వాలేదు. ఒక్కటి మాత్రం మతిలో పెట్టుకోండి. ఎవరన్నా మీకు మరీ చవకగా ఏదన్నా ఇస్తాంటే, ఆ చెయ్యి వణుకుతాందేమో చూడండి. వణుకుతాంటే, బేరం చెడినా సరే, తప్పు కట్టాల్సొచ్చినా సరే, ఏమిటికి అమ్ముతాండావు నాయనా అని అడగండి. ఏదీ, అందరూ ఒకసారి నాతో అనండి, వింటా. ఏమిటికి అమ్ముతాండావు నాయనా? ఆఁ, అట్ల. అడిగినంక ఊరి పేరు కూడా అడగండి తల్లీ, అందరికీ చెన్నప్ప లాంటి బామ్మర్ది ఉండడు.