ఎద్దుల గంటలు

కడప బజారులో నాపరాళ్ల బండికి అడ్డంగా నిలబడినాడు నేతగాడు. విరిగిన చెయ్యి మెడకు కట్టిన గుడ్డలో వేలాడుతోంది. అరిచే ఓపిక కూడా లేదతనికి.

“మొన్న సైకిలు గంట కొడతానే వస్తి కదప్పా, బండి అడ్డం తిప్పి నన్ను పడేస్తివే!”

“మా ఎద్దుల గంటలనుకుంటినన్నా.”

“బజారు దాటేదాకా వాటిని విప్పరాదా?”

“గంటల్లేకుంటే ఇవి అడుగెయ్యవు. అయినా నీ చెయ్యి విరగనే విరిగె. ఇప్పుడు విప్పితే ఏమొస్తాది?”

“రేపట్నుంచి చీరల మూటేసుకొని ఆ సైకిలు మీద మా తమ్ముడొస్తాడప్పా.”

బండివాడు కిందికి దిగి, ఎద్దుల మెడల్లోని గంటలు విప్పసాగాడు.

“ఇంక ఇవి మొరాయిస్తాయి. బజారు దాటేదాకా నువ్వో పక్క పగ్గం పట్టి నడువన్నా. ఒక చెయ్యన్నా ఉండాది కదా!”