ఫోరస్ రోడ్డు మీద టాక్సీ ఆపినందుకు

"అవ్వా, నిన్న మా ఆఫీసు కాడ ఒక కారాయన ఎవర్నో గుద్ది, ఆపకుండ వెళ్ళిపోయిండు. ఇంటికొచ్చి చెప్తే నాన్నేమో మీ తాతైతే ఆగిండు, కోర్టు దాంక పోయిండు అంటుండు. ఏమైంది అప్పుడు?"

ఇటు దగ్గర కూసో బిడ్డా, ఆ ఫ్యాను చప్పుడుకు నాకు నీ మాట వినవడ్తలేదు. మీ నాయినకు సగమే ఎర్క. వాడప్పుడు బడికి పోయేటోడు, కోర్టుకు మేం తీస్కపోలే.

మనం అప్పుడు ఈ బొంబాయిలనే కామాటిపురల ఉన్నం. చాల్‌ల, అంటే వరుసగ గదులుండే మేడల, పై అంతస్తు మీద ఒక్క ఖోలి, గదన్నట్టు. మా అత్త, మీ నాయిన, మీ మేనత్త, మేమిద్దరం, అందరం అండ్లనే. నేను ఇంట్ల కూసోని బీడీలు చేస్తుంటి. మిల్లులు బందు వడ్డ ఎనక ముచ్చట ఇది. ఎన్బై నాలుగో, అయిదో... సక్కగ యాదికి లేదు గని వానకాలం, అది ఖాయం. మన పెద్దలంత ఇండ్లు కట్టనీకి ఈడికి ఒచ్చినోళ్ళు గదా, మీ తాత తండ్రి సుత రాయి మోసిండు. మీ తాత ఒక్కడే స్టీరింగు వట్టిండు. వాళ్ళమ్మకు ఎంత గర్వమనుకున్నవ్, గల్లిల ఎవరు ఎదురైనా నా కొడుకు టాక్సీ నడుపుతడు అని చెప్పేది, అడగకున్నా చెప్పేది.

బండి మాత్రం మనది గాదు, సేఠుది. దినాం కిరాయి ఆయినకిచ్చి మిగిలింది మనం తెచ్చుకునుడు. టాక్సీ నడపాలంటే ఉట్టి లైసెన్సు చాలదు, బిల్లా అని ఒకటిస్తరు, అంగీకి పెట్టుకుంటరు. అది వోయిందంటే మల్ల రాయి మోసుడే.

ఆనాడు పొద్దుమీకి గాదు... మధ్యాహ్నం. ఆయిన తిన్నీకి ఇంటికి వస్తుండు. బండిల సవారీ లేదు. వాన దంచుతుంది, ఫోరస్ రోడ్డు మీద మెల్లగనే వస్తుండట. పక్కకు ఒక హాత్‌గాడి, చేత్తోని తోసే బండి, ఆగి ఉంది, దాని నిండ బట్టల మూటలు, అవతల ఏముందో కానరాదు. దాని ఎనుకకెల్లి ఒక ఆడిమనిషి ఒక్కపారే ఉరికొచ్చింది. ఆయిన బ్రేకు కొట్టిండు. తడి రోడ్డు గదా బిడ్డా, బండి జారింది. ఆమె కింద వడ్డది. కాలు ఇరిగింది.

మంది జమైన్రు. బానెట్ మీద గుద్దుతున్రు. పాన్ దుకాణం సాయిలు మనోడే, కిటికీలకెల్లి తల వెట్టి, "బాలన్నా, గేరేసి వో. ఆగితె సంపుతరు. నంబరు ఎవరు సూడలే" అన్నడట. సాయిలు చెడ్డోడని గాదు, ఆయిన పానం కాపాడుదామనే అన్నడు. మీ తాత ఎనక నాకు చెప్పిండు, "కాలు క్లచ్చి మీదనే ఉండె. పోవుడే అనిపించింది. అప్పుడు ఆమె తల తిప్పి నా దిక్కు చూసింది" అని.

దిగిండు. దిగంగనే ఎవడో చెంప మీద కొట్టిండు. ఈయిన చెయ్యెత్తలే. "కొట్టుడు ఎనక కొట్టున్రి. ముందుగాల ఈమెను బండిల ఎక్కిద్దం, పట్టున్రి" అన్నడు. కొట్టినోడే ఆమె తల ఒడిల వెట్టుకొని ఎనుక సీట్ల కూసున్నడట, దవాఖాన దాంక. ఆడ ఆమెను అప్పజెప్పి మీ తాత సీద పోలీస్ చౌకీకి పోయిండు, నా బండి కిందనే వడ్డది, రాస్కోన్రి అని.

లైసెన్సు తీస్కున్నరు, బండి చౌకీ కాడ వెట్టుకున్నరు. రోడ్డు మీదికి పోయి పంచనామా చేసిన్రు, అంటే ఏడ వడ్డది, బండి ఏడ ఆగింది, అన్ని కొల్చి రాసుకునుడు. మా అన్న మున్సిపాలిటీల నౌకరీ చేసేటోడు, ఆయిన జామీను ఉండి మీ తాతను ఇంటికి తెచ్చిండు.

ఇంటికొచ్చినంక అసలు కోర్టు మన చాల్‌ల నడిచింది చూడు. గ్యాలరీల ఒక్కొక్కడు ఒక్కొక్క వకీలు. ఒకాయిన, దవాఖానకు తీస్కపోయినవంటే తప్పు ఒప్పుకున్నట్టే అంటడు. ఇంకొకాయిన, చౌకీకి నీయంతట నువ్వెందుకు పోయినవ్ అంటడు. మా అత్త పక్కకు కూసోని ఏడుస్తుంది.

మర్నాడు సేఠు ఒచ్చిండు. మంచోడే, చాయ్ తాగిండు, మెల్లగ చెప్పిండు. "బాలయ్యా, కోర్టుల గున్హా కబూల్ అను. తప్పు నాదే అన్నవంటే మెజిస్ట్రేటు జుర్మానా ఏస్తడు, అది నేను కడ్త. ఒక్క పూటల ఖతమైతది, మల్ల బండి ఎక్కుదువు." నాకు అది మంచిగనే అనిపించింది బిడ్డా. కేసు లాగుకుంట కూసుంటే తినేదెట్ల అని.

మీ తాత సరే అన్నట్టు తల ఊపిండు. సేఠు పోయినంక నేనే అడిగిన, "నువ్వు స్పీడు వోయినవా?" అని. "లేదు" అన్నడు. "మరి కబూల్ ఎందుకంటవ్?" అంటే, "నేను మెల్లగనే వోయిన. గని ఆమె కాలు ఇరిగిందా లేదా? కాలు ఇరిగినంక నా తప్పు లేదని ఏ నోటితో అనాలె?" అన్నడు.

మా అన్ననే ఒక వకీలు కాడికి తోల్కపోయిండు. కులకర్ణి సాబు అని, ముసలాయిన, ఒక ఇరానీ హోటల్ పైన చిన్న ఆఫీసు. ఆయిన ముందుగాల వాన ఎంతుండె, హాత్‌గాడి ఏడుండె, ఆమె ఏ దిక్కుకెల్లి ఒచ్చింది, అన్ని అడిగిండు. ఎనక మీ తాత చెప్పిన మాటనే పట్టుకున్నడు. "కాలు ఇరిగిందన్నది ఒక ముచ్చట. నువ్వు బేపర్వాగ, అంటే జాగ్రత్త లేకుండ, నడిపినవా అన్నది ఇంకొకటి. కోర్టు నిన్ను అడిగేది రెండోది. భయంతోనో జాలితోనో కబూల్ అంటివా, అది నీ బిల్లాకు అంటుకుంటది. రేపు ఇంకేమన్న అయితే పాత గున్హా ఉంది అంటరు" అన్నడు.

నాకు నోరు ఊకుండలే. "సాబ్, దవాఖానకు తీస్కపోతే తప్పు ఒప్పుకున్నట్టేనా?" అన్న.

"ఎవరు చెప్పిన్రు? దెబ్బ తగిలినోళ్ళను దవాఖానల వెయ్యాలె, పోలీసులకు చెప్పాలె, కానూనే అట్లుంది. ఉరికిపోతేనే ఇంకో గున్హా."

"మరి నేను ఆమెకు అన్నం తీస్కపోవచ్చునా?"

దానికి జర ఆలోచన చేసిండు. "తీస్కపో. గని కేసు మాట ఎత్తకు. ఇది చెప్పు, అది చెప్పకు అని ఒక్క మాట అనకు" అన్నడు.

ఇగ నేను పోవుడు షురు చేసిన. ఆమె పేరు సులోచనబాయి. స్టేషన్ బయట పూల గజ్రాలు అమ్మేది. పెనిమిటిది మిల్లు నౌకరీ, మిల్లు బందై ఇంట్ల కూసున్నడు. అంటే ఆ ఇల్లు ఆమె కాళ్ళ మీదనే నడుస్తుంది, సమజైందా? మొదటి రోజు ఆమె గోడ దిక్కు తిరిగి పండుకుంది. ఆమె మరిది ఉన్నడు ఆడ, "అన్నం వెట్టి కేసు మాపుకుందామనా?" అని నా మీద లేచిండు. నేను డబ్బా ఆడ వెట్టి ఒచ్చేసిన. మల్ల పోయేసరికి డబ్బా కడిగి, బోర్లిచ్చి ఉంది.

అట్ల మెల్లమెల్లగ కలిసినం. నా మరాఠీ మన గల్లి మరాఠీ, సగం తెలుగు కలిసి ఉంటది, అది విని నవ్వేది. నన్ను వైనీ అనేది, అంటే వదిన అని. జొన్న రొట్టె, తోటకూర తీస్కపోతే పక్క మంచమామెకు సుత పెట్టేది. మీ తాత మాత్రం పైకి రాలే. కింద గేటు కాడ కూసునేటోడు. రమ్మంటే, మొఖం చెల్లది అనేటోడు.

కాలు అతికింది గని పొట్టిగ అయ్యింది. జన్మంత కుంటుడే అని డాక్టరు చెప్పిండు.

ఆమె ఇంటికి పోయినంక కొన్ని రోజులకు మన ఖోలికి నోటీసు ఒచ్చింది. నష్టపరిహారం కోర్టుదట. సేఠు పేరు, ఇన్సూరెన్స్ కంపెనీ పేరు, మీ తాత పేరు. సులోచనబాయి దావా వేసింది. ఇగ చాల్ అంత, పాముకు పాలు వోసినవ్ అని నన్నే అనవట్టిరి. నాకు కడుపు మండింది బిడ్డా, అబద్ధమెందుకు. బస్సెక్కి వర్లి పోయిన. వాళ్ళు ఆడ చాళ్ళల ఉండేది.

ఆమె నన్ను చూసి ముందు కూసోమన్నది. "సులోచనా, ఇదేంది?" అన్న. ఆమె మొఖం చిన్నగ అయింది. "వైనీ, నా మరిది వకీలును తెచ్చిండు. కంపెనీతోని ఇప్పియ్యాలంటే డ్రైవర్ పేరు సుత రాయాలె అన్నడు. నీ మొగుని మీద నాకేం కోపం లేదు. గని నేను కుంటుకుంట స్టేషన్ కాడ ఎట్ల నిలవడాలె, నువ్వే చెప్పు." ఆమె అన్నది నిజమే గదా.

మల్ల కులకర్ణి సాబు కాడికే పోయినం. ఆయిన నోటీసు చూసి, "మంచి పని చేసింది" అన్నడు. మేం మొఖాలు చూసుకున్నం. అప్పుడు ఇడమర్చి చెప్పిండు. "ఇది వేరే కేసు, అది వేరే కేసు. బండికి ఇన్సూరెన్స్ ఎందుకుంటది? ఇట్లాంటోళ్ళకు ఇచ్చేతందుకే. కాలో చెయ్యో ఎప్పటికీ వోయినోళ్ళకు, తప్పెవరిది అని చూడకుండనే ముందుగాల కొంత ఇప్పియ్యాలని కొత్తగ కానూను ఒచ్చింది. సేఠు ఇన్సూరెన్స్ తప్పకుండ కట్టిండా లేదా, అదొక్కటి అడిగి రాన్రి."

మీ తాత కుర్చీల ముందుకు ఒంగి అడిగిండు, "సాబ్, అంటే నేను గున్హా కబూల్ అనకున్నా ఆమెకు ఒస్తయా?"

"ఒస్తయి."

మీ తాత రెండు చేతులతోని మొఖం మూసుకున్నడు. అప్పుడు నాకు తెలిసింది చూడు. ఇన్ని దినాలు ఆయిన సేఠు కోసం గాదు, జుర్మానా కోసం గాదు, తను ఒప్పుకుంటేనే ఆమెకు పైసలు ఒస్తయేమో అనుకొని, ఒప్పుకుందామనే ఉన్నడు. నాతోని సుత అనలే. సేఠు ఇన్సూరెన్స్ కట్టే ఉండె, ఆయిన పుణ్యాన. ఆనాడు ఇంటికొచ్చి మీ తాత కడుపు నిండ తిన్నడు.

మెజిస్ట్రేటు ముందట నిలవెట్టినప్పుడు, "గున్హా కబూల్ ఆహే కా?" అంటే తప్పు ఒప్పుకుంటవా అని అడిగిండు. నేను ఎనుక బల్ల మీద కూసున్న. మీ తాత నా దిక్కు తిరిగి చూసిండు. మల్ల అడిగిండు. "నాహీ సాహెబ్", లేదు అన్నడు, మెల్లగ.

ఇగ తారీఖుల మీద తారీఖులు. ఒకనాడు సాక్షి రాడు, ఒకనాడు సాహెబ్ రాడు. లైసెన్సు మల్ల ఇచ్చిన్రు గని ఆయిన బండి ఎక్కలే. స్టీరింగు ముందట కూసుంటే సులోచన వడ్డదే కానొస్తుంది అనేటోడు. మా చుట్టపాయన గ్యారేజీల మీ తాత బండ్లు కడిగేటోడు. నేను ఇంకిన్ని బీడీలు చేసేది. ఎట్లనో వెళ్ళింది.

చివరికి సులోచనబాయి సాక్ష్యం రోజు ఒచ్చింది. కట్టె వట్టుకొని బోనెక్కింది. మరిది ఎనుకనే నిలవడ్డడు. సర్కారు వకీలు, టాక్సీ ఎట్లొచ్చింది చెప్పు అన్నడు.

"నా ఛత్రీ గాలికి ఎగిరింది సాబ్. కొత్త ఛత్రీ. దాని కోసం గాడి ఎనుకకెల్లి ఉరికిన. రోడ్డు చూడలే."

"టాక్సీ జోరుగ ఉండెనా?"

"జోరుగ ఉంటే నేను ఈడ నిలవడి చెప్తుంటినా?"

"వీళ్ళు నీకు దవాఖానల అన్నం వెట్టినరు గదా, ఇట్లా చెప్పమని నేర్పినరా?"

ఆమె నా దిక్కు చూసింది. "అన్నం వెట్టింది. నేర్పలే. ఒక్కనాడు కేసు మాట ఎత్తలే. నేనే ఎత్తితే, ఒద్దు, రొట్టె తిను అనేది."

కోర్టుల కొందరు నవ్విన్రు. మెజిస్ట్రేటు రాసుకున్నడు. తీర్పు ఆనాడే రాలే, ఇంకో తారీఖుకు ఒచ్చింది. నిర్దోషి అన్నరు. మీ తాతకు ఆ మాట సమజ్ కాలే, అట్లనే నిలవడ్డడు, పోవచ్చు పో అని హవల్దార్ చెప్తే గని బోను దిగలే. ఆమె దావా ఇంకొంత కాలం నడిచింది గని, ఒచ్చింది. దాంతోని ఆమె కూసోని పూలమ్మే చిన్న దుకాణం వెట్టుకుంది. మరిదే దానికి చెక్కలు కొట్టిండు.

సేఠు బండి మల్ల ఇచ్చిండు. బండి మన గల్లి ముందట ఉంది, ఈయిన అండ్ల కూసుంటడు, దిగుతడు. కూసుంటడు, దిగుతడు. ఆనాడు సులోచనబాయి మన ఇంటికి అన్నానికొచ్చి ఉండె. అంత చూసి, కట్టె వట్టుకొని పోయి ముందట సీట్ల ఆయిన పక్కన కూసుంది. "భావు, నన్ను ఇంటికాడ దింపు" అన్నది, భావు అంటే అన్న అని. నేను ఎనుక ఎక్కిన. బండి కదిలింది, గని ఎంత మెల్లగనంటే సైకిళ్ళు మమ్మల్ని దాటి పోతున్నయి. ఫోరస్ రోడ్డుల ఆ జాగ కాడికి రాంగనే ఆయిన బండి ఆపిండు. ఎనుక హారన్లు కొడుతున్నరు. సులోచన ముందటికే చూసుకుంట, "నడువు భావు. పొయ్యి మీద వంట లేదు, నేను పోయి చెయ్యాలె" అన్నది. ఇంకొక్క మాటన్నది. "మీటరు తిప్పు. ఫుకట్‌ల నేనెక్క."

ఆయిన మీటరు తిప్పిండు. వర్లి దాంక నడిపిండు. ఆ తర్వాత కండ్లు మసక వడేదాంక నడిపిండు.

ఇప్పుడు నీకు సుత లైసెన్సు ఒచ్చిందట గదా. ఏం గావద్దు బిడ్డా. గని ఏమన్న అయితే, బండి దిగి వడ్డోళ్ళను లేవట్టు. అడిగినోళ్ళకు అయిందే చెప్పు, కానిది నెత్తినేసుకోకు, తెలిసిన వకీలును అడుగు. నువ్వు వొయ్యే తొవ్వ సల్లగుండాలె, ఆ తొవ్వల నీ ముందట నడిచేటోళ్ళు సుత సల్లగుండాలె. ఇంటి తలుపు నీకు ఎన్నడు దూరం గావద్దు, నా తల్లీ.