చెరుకు గట్టు దాటిన బంతి

"రండర్రా, దగ్గరికి జరగండి. ఎండలో నిలబడి వింటే సగం కథ ఆవిరైపోతుంది. ఆ ఖాళీ సోడా పెట్టెలు బోర్లించుకుని కూర్చోండి. డామినోల బల్ల మాత్రం కదపకండి, ఓడిపోయేవాడు నెపం మీ మీద పెడతాడు," అన్నాడు ఎలిహియో తాత, కొట్టు ముందు రేకుల నీడలో కుర్చీ వెనక్కి వాల్చి.

పిల్లలు కూర్చున్నారు. వాళ్ళ వెనకాల పెద్దవాళ్ళూ చేరారు. ఆదివారం. చెరుకు మిల్లు మధ్యాహ్నం కూత వేసేలోగా వాడ బేస్‌బాల్ జట్టు చేతులెత్తి ఒక సంగతి తేల్చాలి. శాన్ పెద్రో పట్నంలో పేరుమోసిన బ్యాటర్ ఫౌస్టోని ఈ ఏడు తెచ్చుకోవడమా, మానడమా? తొమ్మిదేళ్ళుగా పక్కవాడ వాళ్ళ చేతిలో ఓడిపోతున్నారు మరి. ఫౌస్టో వస్తానన్నాడు గానీ జట్టు లారీని తన పేర రాయమన్నాడు. ఆ లారీలో ఆదివారం జట్టు ఎక్కుతుంది. మిగతా ఆరు రోజులూ బెల్కీస్ అందులో అరటికాయలు వేసుకుని సంతకి పోతుంది. ఆమె ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి వల్లే. ఇప్పుడు ఆ లారీకే చేరగిలబడి, తాళంచెవి పిడికిట్లో బిగించి నిలబడింది.

"లారీదేముంది, ఇనుము! మళ్ళీ కొనుక్కోవచ్చు," అన్నాడు తాత.

"నువ్వు కొంటావా బాబాయ్?" అంది బెల్కీస్.

"అడ్డు రాకమ్మా, కథ తెగిపోతుంది. అసలు ఈ జట్టు ఇవాళ బతికుందంటే ఎవరి పుణ్యం? ఒక్క ఏడాదిలో పదిహేను బంతులు చెరుకు తోటలో పోయాయి, వెతకబోయినవాళ్ళ చెప్పులు పోయాయి, ఒకడైతే తోవ తప్పి మర్నాడు తేలాడు. అప్పుడు అంపైరుగా నేను లేచి శాసనం చేశాను. చెరుకు గట్టు దాటిన బంతి అవతల జానెడు దూరంలో పడనీ, పరాయి దేశంలో పడనీ, కొట్టినవాడు ఔటే! ఆరు వాడలవాళ్ళూ తల వంచి ఒప్పుకున్నారు. ఇవాళ్టికీ అదే చట్టం. అవునా, కాదా?"

"అవును తాతా," అన్నారు పిల్లలు. అక్కడిదాకా నిజమే.

"సరే. ఇక ఫౌస్టో. వాడికి గురువెవరు? నేనే. చీపురుకర్ర చేతికిచ్చి, నీళ్ళ డబ్బా మూత విసిరి నేర్పాను. మూత గాలిలో గబ్బిలంలా వంకర్లు పోతుందని మీకు తెలుసుగా? అలాంటి మూతని వాడు కళ్ళకి గంతలు కట్టుకుని కొట్టేవాడు. గంతలు కట్టింది ఎవరు? నేనే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"మన మైదానంలో మొదటిసారి అసలు బంతి ఇచ్చాను. ఒక్కటే దెబ్బ! బంతి పోయి మిల్లు పొగగొట్టంలో పడింది. అక్కణ్ణుంచి దొర్లి పాకం తొట్టిలో మునిగింది. ఆ ఏడు పంచదార ఎంత గట్టిదంటే, కాఫీలో చెంచా విరిగేది గానీ పంచదార కరిగేది కాదు. మా ఆవిడ రెండు పళ్ళు ఆ పంచదారకే పోయాయి."

"పిన్నికి పళ్ళు ఊడింది మొన్న కదా?" అంది బెల్కీస్.

"అవి వేరే పళ్ళు! విను. రెండో దెబ్బకి బంతి సముద్రం దాటింది. అవతల ప్వెర్తో రీకోలో ఒకావిడ కాఫీ కాస్తోంది. బుడుంగుమని గిన్నెలో పడింది. ఆవిడ ఊరుకుంటుందా? బంతిని తుడిచి, చీటీ చుట్టి, అక్కణ్ణుంచే విసిరింది. చీటీలో ఏముందో తెలుసా? 'ఈసారి పంచదార కూడా పంపండి' అని."

పిల్లలు పొట్టలు పట్టుకున్నారు. డామినోలవాళ్ళు ఆట ఆపేశారు. జట్టులో ఇద్దరి చేతులు అప్పుడే సగం లేచాయి. అది చూసి బెల్కీస్ మొహం పాలిపోయింది. తాతకి మాత్రం ఊపొచ్చింది.

"అసలుది మూడో దెబ్బ. బంతి పైకి లేచింది. లేచింది, లేచింది, కనబడలేదు. మేం తలలెత్తి చూస్తూనే ఉన్నాం. చీకటి పడింది, కోత కాలం అయింది, మళ్ళీ నాట్లు వేశారు. బంతి దిగి రాలేదు. అదెక్కడ పడుతుందో తేలేదాకా ఆగకూడదని ఫౌస్టో బేసుల చుట్టూ పరుగెడుతూనే ఉన్నాడు. రెండో బేసు దగ్గర పిల్లని చూసుకున్నాడు, మూడో బేసు దగ్గర పెళ్ళాడాడు, పాదిరీ కూడా పక్కనే పరుగెడుతూ పెళ్ళి ప్రార్థన చదివాడు! మూడేళ్ళకి బంతి దిగి ఆ మిల్లు అవతల పడింది. దానిమీద నాచు, నాచులో గూడు, గూట్లో మూడు గుడ్లు. వాటిలో ఒకటి పిల్లయి పెరిగి, ఇప్పుడు మా ఇంట్లో కూసే పుంజు అయింది. అనుమానముంటే పోయి దాన్నే అడగండి!"

నవ్వులు సద్దుమణిగాక బెల్కీస్ లారీ వదిలి ముందుకొచ్చింది.

"బాబాయ్, ఒక్క మాట. ఫౌస్టో కొట్టిన బంతి ఎప్పుడైనా నేలమీద దొర్లిందా?"

"దొర్లడమా!" తాతకి రోషం వచ్చింది. "వాడి బంతికి నేలంటే ఏమిటో తెలియదు! నా శిష్యుడు!"

"మరి మన మైదానం చుట్టూ ఏముంది?"

"చెరుకు. చిన్నపిల్లనడిగినట్టు అడుగుతావేం?"

"మిల్లుకి పోయినా, సముద్రం దాటినా, మూడేళ్ళకి దిగినా, ఆ బంతులన్నీ చెరుకు గట్టు దాటినవేగా?"

తాత నోరు తెరిచేలోగా పిల్లలే ఒక్క గొంతుతో అరిచారు: "ఔట్!"

"మూడు దెబ్బలకి మూడు ఔట్లు," అంది బెల్కీస్ జట్టు వైపు తిరిగి. "పైగా మూడేళ్ళు పరుగెత్తి మరీ ఔటయ్యాడు. ఆయన కోసం నా కూడు పెట్టే లారీ ఇద్దామా? ఇద్దామనేవాళ్ళు చేతులెత్తండి."

సగం లేచిన చేతులు తల గోక్కోవడానికి పోయాయి. మిల్లు కూత వేసింది. ఒక్క చెయ్యీ లేవలేదు. బెల్కీస్ తాళంచెవిని జేబులో వేసుకుంది.

తాత టోపీ తీసి దుమ్ము దులిపాడు. తర్వాత మెల్లిగా దాన్ని నెత్తిన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"ముప్పై ఏళ్ళ కిందట ఆ శాసనం నేనెందుకు చేశాననుకున్నారు? బంతుల కోసమా? ఎప్పటికైనా ఒకరోజు బెల్కీస్ లారీకి ముప్పు వస్తుందని అప్పుడే కనిపెట్టాను. అప్పటికింకా ఈ పిల్ల పుట్టలేదు కూడా! ఇక లేవండర్రా, ఇళ్ళకి పోండి. అన్నం, ఎర్ర చిక్కుడుగింజల కూర చల్లారిపోతున్నాయి. కడుపు నిండా తిని తొందరగా రండి, ఆటకి పోను లారీ ఎక్కాలి. ముందు సీటు నాది."

"వెనక, అరటి గెలల మీద," అంది బెల్కీస్.

"గెలల మీదే, గెలల మీదే. పోండి, పోయి తినండి!"